మద్యనిషేధమూ, మనిషి స్వేచ్ఛా

మద్యనిషేధం మాట వచ్చేసరికి మన అభ్యుదయవాదుల్లో చాలామంది రెండు గొంతులతో మాట్లాడటం నేను చాలాకాలంగా గమనిస్తున్నాను. ఆ చాలామందిలో నేనూ ఒకణ్ణి. నెల్లూరు జిల్లా స్త్రీలు 1992లో సాగించిన సారా వ్యతిరేకోద్యమం గురించి ఉపన్యసించమంటే మనకు ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. అది కూలినాలి చేసుకునే ఆడవాళ్ళ పోరాటమనీ, గుత్తేదార్ల గుండెల్లో నిద్రపోయిన ఉద్యమమనీ చెబుతాం. కాని అదే స్త్రీలు ఏదో ఊళ్ళో ఒక తాగుబోతును పట్టుకొని చెట్టుకు కట్టేశారని పత్రికలో చదివితే మాత్రం మనకు హఠాత్తుగా వ్యక్తిస్వేచ్ఛ జ్ఞాపకం వస్తుంది. ఉద్యమం పుస్తకంలో వున్నంతసేపూ మనం ఉద్యమం పక్షం. అది వీధిలోకి వచ్చి మనకు తెలిసిన మనిషి మెడమీద చెయ్యి వేస్తే మనం జాన్ స్టూవర్టు మిల్ పక్షం.

ఈ వైరుధ్యం నాకు పుస్తకాలు చదివి తెలిసింది కాదు. నిరుడు మా సొంత ఊళ్ళో, మా సొంత మనిషి విషయంలో ఎదురైంది. అందుకే ముందు ఆ సంగతి చెప్పి తరువాత వాదంలోకి వస్తాను.

మాది నెల్లూరు జిల్లా మెట్టప్రాంతం. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. అలాంటి ఊళ్ళు జిల్లా నిండా వున్నాయి. ఊరికీ కాలనీకీ మధ్య చెరువుకట్ట. ఊళ్ళో రెండు, కాలనీలో ఒకటి బెల్టుషాపులు నడిచేవి. బెల్టుషాపు అంటే ఏమిటో మన పాఠకులకు వివరించనక్కరలేదు గాని ఒక్క విషయం గుర్తుచేస్తాను: అది చట్టరీత్యా లేని దుకాణం. మండల కేంద్రంలో లైసెన్సు వున్న దుకాణం నుంచి సీసాలు తెచ్చి, క్వార్టరుకు ముప్పయి రూపాయలు పైన వేసుకొని, చిల్లరకొట్టు బల్లకింద పెట్టి అమ్ముతారు. లేని దుకాణమే గాని తెల్లవారి అయిదు గంటలకు కూడా తెరిచే వుంటుంది. పనికి పోయేవాడు అప్పుడే కాస్త వేసుకొని పోతాడు. బాకీ వారం కూలిలో పట్టుకుంటారు.

సంక్రాంతి వెళ్ళాక పొదుపు సంఘాల ఆడవాళ్ళు బడి ఆవరణలో సభ పెట్టి తీర్మానం చేశారు. అమ్మినవాడికి పదివేలు జరిమానా. తాగి వీధిలోకి వచ్చినవాడికి రెండువేలు. రెండోసారి దొరికితే రచ్చబండ దగ్గర అందరూ చూసేటట్టు కూర్చోబెట్టడం. పట్టి ఇచ్చినవాళ్ళకు అయిదువందలు. తీర్మానం కింద వందకు పైగా సంతకాలు వున్నాయి, కొన్ని వేలిముద్రలూ వున్నాయి. జరిమానాల పుస్తకం రాసే పని మా అమ్మ తీసుకున్నది.

ఉగాది ముందురోజు నేను బస్సు దిగి వస్తుంటే మా పెదనాన్న కొడుకు రచ్చబండ పక్కన వేపచెట్టు మొదట్లో కూర్చుని కనిపించాడు. కూర్చోబెట్టినవాళ్ళు లేచి పారిపోతున్నారని తువ్వాలుతో చేతులు వెనక్కి కట్టారు. తీర్మానంలో కట్టెయ్యమని లేదు. కాని తీర్మానాలు అమలులోకి వచ్చేటప్పుడు ఇలాగే పెరుగుతాయి. మా అన్న బోరుమోటార్లు బాగుచేస్తాడు, పనిమంతుడు. నన్ను చూసి, "చదువుకున్నోడివి గదరా, మీ అమ్మకు చెప్పు" అని తల దించుకున్నాడు. తొమ్మిదో తరగతి చదివే అతని కూతురు ఆ రోజు ఆ దారిన రాలేక చెరువుకట్ట చుట్టూ తిరిగి బడికి పోయిందని తరువాత తెలిసింది.

నేను ఇంట్లోకి పోతూనే అమ్మను అడిగాను, మనిషిని గొడ్డును కట్టినట్టు కట్టేయడమేమిటని.

"అబ్బయా, చెట్టుకు కట్టింది నీకు కనబడింది," అన్నది అమ్మ. "రాత్రి వాడు తలుపు గడియబెట్టి ఆ పిల్లను కొట్టింది కనబడలేదు. కనబడితేనే అడుగుతావా?"

ఆ పిల్ల అంటే మా వదిన. ఆమె చెవికమ్మలు బెల్టుషాపువాడి దగ్గర వున్నాయి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను పట్నంలో వుంటున్నాను. నెలకొకసారో రెండుసార్లో మిత్రుల ఇంట్లో కూర్చుని నేనూ తాగుతాను. సాహిత్యం మాట్లాడుకుంటూ తాగుతాం గనక దాన్ని మేము తాగుడు అనుకోము. మమ్మల్ని ఏ తీర్మానమూ అంటదు. మా వీధిలో ఆడవాళ్ళ సంఘం లేదు, వేపచెట్టూ లేదు. ఈ సంగతి దాచిపెట్టి వ్యాసం రాయడం సాధ్యమే గాని, అప్పుడది వ్యాసం కాదు.

ఇక వాదంలోకి వద్దాం.

మన దగ్గర మొదటి జవాబు ఎప్పుడూ సిద్ధంగా వుంటుంది: తాగుడు రోగం కాదు, రోగలక్షణం, దోపిడీ పోతే తాగుడూ పోతుంది. ఇంగ్లండు కార్మికవర్గ పరిస్థితి గురించి 1845లో రాసిన పుస్తకంలో ఎంగెల్సు ఈ విషయాన్ని బలంగా చర్చించాడు. అంత చాకిరీ చేసి అంత ఇరుకులో బతికే మనిషికి తాగుడు దాదాపు అనివార్యమవుతుందనీ, అతణ్ణి వట్టి సరుకుగా మార్చినవాళ్ళదే ఆ నేరమనీ ఆయన వాదన. ఇందులో అబద్ధం ఏమీ లేదు. తాగుబోతును పాపాత్ముడుగా చూసే మతబోధకుడి నోరు మూయించడానికి ఈ వాదం చాలు. కాని మా వదినకు ఈ వాదం ఏమి చెబుతుంది? వ్యవస్థ మారేదాకా ఓపిక పట్టమని చెబుతుంది. ఓపిక పట్టమని ఆమెకు పురాణం చెప్పే అయ్యవారు కూడా చెప్పాడు. ఇద్దరి శాస్త్రాలూ వేరుగాని ఆమెకు అందిన సలహా ఒక్కటే.

పైగా వ్యవస్థ మారినచోట ఏమి జరిగిందో కూడా చూడాలి. రష్యాలో జారు 1914లో యుద్ధంతోపాటు మద్యాన్ని నిషేధించాడు. విప్లవం తరువాత సోవియట్ ప్రభుత్వం కొన్నేళ్ళు ఆ నిషేధాన్ని పొడిగించింది. 1925లో ఖజానాకు డబ్బు కావలసివచ్చి పూర్తి బలం గల వోడ్కా అమ్మకాన్ని తన గుత్తాధిపత్యం కిందనే తిరిగి ప్రారంభించింది. మళ్ళీ 1985లో గోర్బచేవు తాగుడు మీద దండయాత్ర ప్రకటించవలసి వచ్చింది. అంటే అరవై ఏళ్ళ తరువాత కూడా రోగలక్షణం మిగిలే వున్నది, దానిమీద వచ్చే రాబడీ మిగిలే వున్నది. ఈ చరిత్రను మనం మన సభల్లో ఎక్కువగా ప్రస్తావించం. ప్రస్తావిస్తే మనకు నష్టమేమీ లేదని నా అభిప్రాయం.

రెండో జవాబు మిల్‌ది. ఇది కాలేజీల్లో చదువుకున్నవారందరి నరాల్లోనూ వున్నది, ఆయన పుస్తకం చదవనివారిలో మరీ ఎక్కువగా వున్నది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం చేసిన మద్యనిషేధ చట్టాన్నీ, దాన్ని ఇంగ్లండుకు తేవాలన్న సంఘాన్నీ 1859లో మిల్ తీవ్రంగా ఖండించాడు. నా పొరుగువాడు నాకు నచ్చినట్టు ప్రవర్తించడం నా "సామాజిక హక్కు" అంటే ఇక లోకంలో స్వేచ్ఛ అనేదే మిగలదని ఆయన అన్నది న్యాయంగానే వున్నది. మన దేశంలో తినే తిండిమీద, కట్టే బట్టమీద, చేసుకునే పెళ్ళిమీద ఊరి పెద్దలు తీర్మానాలు చేసే రోజుల్లో మిల్‌ను పారవేయడానికి నేను సిద్ధంగా లేను.

కాని మిల్‌ను ఉదహరించే మన మిత్రులు అదే పుస్తకంలో ఆయన తాగుబోతు గురించి చెప్పిన మిగతా మాటలు చదవరు. ఒకడు తాగుడువల్లనో దుబారావల్లనో తన కుటుంబాన్ని పోషించలేకపోతే వాణ్ణి శిక్షించవచ్చునని మిల్ ఒప్పుకున్నాడు. తాగినందుకు కాదు, కుటుంబంపట్ల ధర్మం తప్పినందుకు. తాగి ఒకసారి మరొకరిమీద చెయ్యిచేసుకున్నట్టు రుజువైన మనిషిమీద ప్రత్యేకమైన ఆంక్ష పెట్టడం న్యాయమేనని కూడా అన్నాడు. కాబట్టి మిల్ లెక్క ప్రకారం చూసినా మా అన్న స్వేచ్ఛ మా వదిన ఒంటిమీద మొదటి దెబ్బ పడ్డచోట ఆగిపోయింది.

అయితే మిల్ చూడనిది ఒకటి వున్నది. ఆయన ఊహించిన మనిషికి తన సంపాదన తనది. మెట్టపొలం కూలి ఇంట్లో సంపాదన ఎవరిది? మగవాడి కూలి, ఆడదాని కూలి, మేకపిల్లను అమ్మిన డబ్బు, పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు, అన్నీ కలిసి ఒక్క పొయ్యిమీద ఒక్క కుండలోకి పోతాయి. ఆ కుండలోనుంచి ఒకడు తన "స్వంత" వాటా తీసుకొని స్వేచ్ఛగా తాగినప్పుడు తగ్గేది అతని మెతుకులు కావు. చాలా ఇళ్ళల్లో మగవాడు తిన్న తరువాతే ఆడది తింటుంది గనక తగ్గేది ఆమె మెతుకులు. తనకు మాత్రమే సంబంధించిన చర్య అని మిల్ గీసిన గీత ఈ ఇంట్లో ఎక్కడ గీయాలో నాకు తెలియదు.

ఇప్పుడు చరిత్ర కాస్త చూడవలసి వున్నది. ఎందుకంటే తాగే హక్కు కోసం ప్రజలు తిరగబడ్డ ఘట్టాలు కూడా మన చరిత్రలోనే వున్నాయి.

1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు జరిగింది. దాని కారణాల్లో ముఖ్యమైనది కల్లు. అడవిలో తన చెట్టు తాను గీసుకొని తాగే కోయవాడిమీద అప్పటికే మునసబుదారు చిగురుపన్ను వేసేవాడు. పైన ఇంగ్లీషు సర్కారు కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటివాడకానికి కూడా కల్లు తీయకూడదని చెప్పి, కల్లుమీద హక్కు గుత్తేదారుకు పాడి ఇచ్చింది. ప్రజలు పోలీసు ఠాణాలమీద పడ్డారు. 1886లో వచ్చిన మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ పద్ధతినే రాష్ట్రమంతటికీ స్థిరపరచింది. అంటే ఈ దేశంలో తాగుడును సర్కారు "క్రమబద్ధం" చేయడమంటే మొదటినుంచీ అర్థం ఒక్కటే: చెట్టు ప్రజలది, రాబడి సర్కారుది, మధ్యలో లాభం గుత్తేదారుది.

తరువాత రాజాజీ వచ్చి 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం పెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేశాడు. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను తెచ్చాడు. నిషేధం కొన్ని జిల్లాలకే పరిమితమైనా పన్ను మాత్రం అందరికీ వచ్చింది, ఇప్పటికీ వేరే పేర్లతో వున్నది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటికి నిషేధం మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. అప్పుడు రోడ్డున పడ్డవాడు గీతకార్మికుడు. తాతలనాటినుంచీ మోకు, ముత్తాదు తప్ప మరొకటి తెలియని కులాల బతుకును ఒక్క కలంపోటుతో తీసేశారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక కల్లుగీతవారు సత్యాగ్రహం చేశారు. ప్రభుత్వం నియమించిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమని సిఫారసు చేసింది. దానిమీద తేల్చకపోతే గౌతు లచ్చన్న మంత్రిపదవికి రాజీనామా ఇచ్చాడు. 1954 నవంబరు 6న ప్రకాశం మంత్రివర్గం ఈ సమస్యమీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజు కమ్యూనిస్టులు నిషేధానికి వ్యతిరేకంగా, గీతకార్మికుడి పక్షాన ఓటువేశారు.

మరి 1992లో నెల్లూరులో వామపక్ష కార్యకర్తలు సారా పాటలు జరగనివ్వకుండా స్త్రీలతోపాటు కలెక్టరు కచేరీల ముందు కూర్చున్నారు. ఇది మాట మార్చడమా? నా తరగతిలో ఒక విద్యార్థి సరిగ్గా ఇదే అడిగాడు. నేను ఇచ్చిన జవాబు ఇది: 1879లో గుత్తేదారు ప్రజలను తాగనివ్వలేదు, 1992లో గుత్తేదారు ప్రజలను తాగకుండా వుండనివ్వలేదు. రెండుచోట్లా తగువు గుత్తేదారుతోనే. 1980ల్లో ప్రభుత్వం "వారుణివాహిని" పేరుతో సారాను పాకెట్లలో పోసి ఊరూరికీ, వీధివీధికీ చేర్చింది. తాగే నీళ్ళు రాని ఊరికి కూడా పాకెట్టు వచ్చింది. నాట్లప్పుడూ కోతలప్పుడూ మగకూలీలకు కూలిలో కొంత పాకెట్ల రూపంలోనే లెక్కకట్టేవారని మా అమ్మ చెబుతుంది. దాన్ని స్వేచ్ఛగా తాగడం అందామా?

విద్యార్థి ఊరుకున్నాడు గాని నా జవాబు నాకే పూర్తిగా తృప్తి ఇవ్వలేదు. ఎందుకంటే ఈ జవాబులో తాగే మనిషి మాయమైపోయాడు. సర్కారు, గుత్తేదారు, ప్రజలు మాత్రమే మిగిలారు. చెట్టుకు కట్టినది గుత్తేదారును కాదు గదా?

ఉద్యమం ఎలా పుట్టిందో మన పాఠకులకు తెలుసు. 1991 ప్రాంతంలో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడిలో పెద్దవాళ్ళకు నేర్పిన పాఠాల్లో తాగుడువల్ల కూలిన ఇంటి కథ వున్నది. దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అలా లోకానికి తెలిసింది. తరువాత వాళ్ళ కథే పాఠమై మిగతా ఊళ్ళకు వెళ్ళింది. 1992లో జిల్లా అంతా అంటుకున్నది. సారా పాటలు పదేపదే వాయిదాపడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 డిసెంబరులో అధికారానికి వచ్చిన ఎన్.టి.రామారావు మొదట చేసిన సంతకాల్లో సంపూర్ణ నిషేధం ఒకటి. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. వారుణివాహిని తెచ్చిన నాయకుడే నిషేధమూ తెచ్చాడు. 1997లో ఖజానా పేరు చెప్పి దాన్ని ఎత్తివేశారు. సారామీద నిషేధం మిగిలింది, సీసా మద్యం తిరిగి వచ్చింది. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో అవి మళ్ళీ లాటరీలో గెలిచిన ప్రైవేటువారి చేతుల్లోకి పోయాయి. చేతులు మారాయి గాని సీసా మారలేదు.

మా అమ్మ ఆ రాత్రిబడిలోనే అక్షరాలు దిద్దింది. అప్పటికి నేను చంకలో పిల్లవాణ్ణి. సారాబండి దారికి అడ్డంగా కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె కూడా వున్నది. ఇప్పుడు జరిమానాల పుస్తకం రాస్తున్నది ఆ అక్షరాలతోనే. అందుచేత ఆమెతో వాదించడం నాకు తేలిక కాదు. నేను ఎమ్మేలో చదివిన ఉద్యమం ఆమె చేసినది.

ఉగాది వెళ్ళిన రెండో రోజు బడి ఆవరణలో మళ్ళీ సభ జరిగింది. కట్టివేయడం గురించి ఊళ్ళో గొడవ లేచింది గనక సభ పెట్టక తప్పలేదు. ఆ చర్చ వింటుంటే మన సెమినార్లకంటే ఎంతో మేలనిపించింది. పది ఎకరాల రైతు ఒకాయన లేచి, తాగుబోతుల్ని వదిలితే కూలికి ఎవరూ వేళకు రారనీ, తీర్మానం ఇంకా గట్టిగా వుండాలనీ అన్నాడు. తాగుడు మానితే కూలి నిఖార్సుగా పని చేస్తాడన్నది ఆయన ఆనందం. నిషేధ ఉద్యమాల్లో ఇలాంటి మిత్రులు ఎప్పుడూ చేరుతుంటారు, వాళ్ళను గుర్తుపట్టడం అవసరం. బల్లకింద అమ్మకం చేసే కొట్టువాడు తన పిల్లల చదువు గురించి మాట్లాడాడు. అది అబద్ధమేమీ కాదు, కాని ఎవరూ వినలేదు.

అప్పుడు కాలనీనుంచి వచ్చిన ఒక యువకుడు లేచాడు. డిగ్రీ చదివి కోళ్ళఫారంలో పని చేస్తున్నాడు. "అమ్మలకు దణ్ణం," అని మొదలుపెట్టాడు. "కాలనీలో షాపు మూసేశారు, మంచిదే. మావోళ్ళు మండలానికి నడిచిపోయి తాగి, నడవలేక దారిలో పడి దొరికిపోతున్నారు. ఊళ్ళో అయ్యలు మోటారుసైకిలు మీద పోయి సీసా తెచ్చుకొని మేడమీద తాగుతున్నారు. వాళ్ళు వీధిలోకి రారు గదా, మీకు దొరకరు. రెండువేలంటే మాకు నాలుగు రోజుల కూలి. వాళ్ళకు అది లెక్కా? మీ పుస్తకం తీసి చూడండి, ఎవరి పేర్లు వున్నాయో."

మా అమ్మ పుస్తకం తీసింది. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. అప్పటికి పదకొండు పేర్లు. ఎనిమిది కాలనీవి. మిగతా మూడూ ఊళ్ళో పేదయిళ్ళవి, అందులో మా అన్నది ఒకటి. మేడలున్న ఇళ్ళనుంచి ఒక్క పేరు లేదు. చెట్టుకు కట్టిన నలుగురిలో ముగ్గురు కాలనీవాళ్ళు. అమ్మ ఆ పుటవంక చాలాసేపు చూసింది. ఆ పేర్లన్నీ రాసింది ఆమే అయినా వాటిని అలా వరసగా ఎప్పుడూ చూడలేదనుకుంటాను.

ఇక్కడ నాకు ఒక విషయం స్పష్టమైంది. "వీధిలోకి వచ్చి తాగితే" అన్న నియమం చూడటానికి చాలా న్యాయంగా వున్నది. మిల్ కూడా ఒప్పుకుంటాడు: ఇంట్లో నీ ఇష్టం, వీధి అందరిదీ. కాని ఒంటిగది ఇంట్లో బతికేవాడికి వీధే ఇల్లు. గోడలున్నవాడి తాగుడు "వ్యక్తిగతం" అవుతుంది, గోడలు లేనివాడి తాగుడు "సామాజికం" అవుతుంది. నేను పట్నంలో తాగేది వ్యక్తిగతం కావడానికి కారణం నా శీలం కాదు, నా అద్దెయింటి గోడలు. అంతకంటే ఘోరం, దెబ్బలు కూడా అంతే. మేడమీద పడే దెబ్బలు సంఘానికి వినబడవు.

బీహారు అనుభవం ఇదే చెబుతున్నది. అక్కడ 2016 ఏప్రిల్‌లో సంపూర్ణ నిషేధం పెట్టారు. అడిగినది స్త్రీలే, ఆ కోరిక న్యాయమైనదే. కాని తాగినవాణ్ణే నేరస్థుడుగా చేసి జైలుకు పంపారు. చట్టంలో ఊరిమీద సామూహిక జరిమానా కూడా పెట్టి తరువాత తీసేశారు. కోర్టుల్లో కేసులు కుప్పలుపడ్డాయి, చివరకు 2022లో మొదటిసారి పట్టుబడ్డవాణ్ణి జరిమానాతో వదిలే సవరణ తెచ్చారు. ఆ ఏడాది డిసెంబరులోనే సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి పదులకొద్దీ మనుషులు చచ్చిపోయారు. చచ్చినవాళ్ళు పేదలని వేరే చెప్పనక్కరలేదు.

యువకుడు కూర్చున్నాక అతనికి జవాబు చెప్పినది ఊరి పెద్దలు కాదు, అతని వీధిలోనే వుండే ఒక విధవరాలు. ఆమె అతణ్ణి అబ్బాయా అని పిలిచి, "నువ్వు చెప్పింది నిజమే నాయనా. మేడలోళ్ళను గూడా పట్టాలన్నావు, పట్టాల్సిందే. కానీ మేడలోడు దొరకలేదని నా కొడుకును వదిలిపెట్టమంటావా? మేడలోడు తాగితే వాడి పెళ్ళాం బంగారం పోతుంది. నా కొడుకు తాగితే నా కోడలు పురుగులమందు డబ్బా చూస్తుంది," అన్నది. సభ నిశ్శబ్దమైంది. ఈ వాక్యానికి ఎదురు నిలిచే వాదం నేను ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ చూడలేదు. సమానత్వం పేరుతో రక్షణను వాయిదావేయడం తప్పని ఆమె చెప్పింది. రక్షణ పేరుతో అసమానతను మరవడం తప్పని అతను చెప్పాడు. ఇద్దరిదీ ఒకే వీధి.

నన్ను మాట్లాడమన్నారు. నేను చెప్పినదాన్ని ఇక్కడ కాస్త సవరించి రాస్తున్నాను, అక్కడ తడబడ్డాను గనక.

అమ్మడం గురించి అసలు తగువే లేదు. బెల్టుషాపుకు చట్టంలోనే చోటులేదు. ఊరు దాన్ని మూయించడం ఎవరి హక్కునూ తీయడం కాదు. తాగడం వేరు. తాగినందుకే ఒక మనిషిని శిక్షించే అధికారం ఊరికి ఇస్తే, రేపు అదే ఊరు అదే రచ్చబండ దగ్గర వేరే కులంవాణ్ణి పెళ్ళిచేసుకున్న పిల్లను కూర్చోబెడుతుంది. ఇది ఊహ కాదు. మన రాష్ట్రాల్లో గ్రామ కమిటీల సాంఘిక బహిష్కరణలు మనకు తెలియనివి కావు. చెట్టుకు తాళ్ళు కట్టే అలవాటు ఆడవాళ్ళు కనిపెట్టినది కాదు. అది భూస్వామి దగ్గర నేర్చుకున్న విద్య. ఒకప్పుడు పాలేరును అదే చెట్టుకు కట్టేవారని మా తాత చెప్పేవాడు. కాని తాగి కొట్టినవాడి సంగతి మూడోది. వాడిమీద ఊరు చెయ్యి వేయవచ్చు, వేయాలి: కూలి డబ్బు భార్యచేతికి ఇప్పించడం, ఇంటినుంచి కొన్నాళ్ళు దూరంగా వుంచడం, ఠాణాకు పోయి 2005 గృహహింస చట్టం కింద రాసి ఇవ్వడం.

"ఠాణాకా?" అన్నది మా అమ్మ. ఆ ఒక్క మాటకు సభలో ఆడవాళ్ళందరూ నవ్వారు. గురజాడ కన్యాశుల్కంలో సారా దుకాణం దృశ్యం గుర్తుకు వచ్చి నాకూ నవ్వు వచ్చింది. బైరాగి వేదాంతానికి హవల్దారే శ్రోత. నవ్వినా ఆ నవ్వులోని వాదం చిన్నది కాదు. రాజ్యం తన పని చేయనిచోట, చేయకపోగా దుకాణం వేలంపాటలో వాటా పుచ్చుకునేచోట, మీ చేతులు శుభ్రంగా వుంచుకోండి అని ఆడవాళ్ళకు నీతి చెప్పడం నాబోటివాడికి తేలిక. తువ్వాలు ముడి తప్పని నేను ఇప్పటికీ అంటాను. కాని ఆ ముడి వేసే అవసరం ఎవరు తెచ్చారో చెప్పకుండా ఆ మాట అనడం సగం నిజం.

రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తుపానీయాల నిషేధానికి ప్రభుత్వం కృషిచేయాలని రాసి పెట్టారు. ఆదేశిక సూత్రం గనక ఎవరూ కోర్టుకు పోలేరు. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకూ పంచాయితీకీ మద్యం అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే అధికారం ఇచ్చింది. మాది మైదానప్రాంతం, అది మాకు వర్తించదు. మహారాష్ట్రలో మాత్రం ఒక పద్ధతి వున్నది: ఊళ్ళో ఓటర్లలో నాలుగోవంతు కోరితే దుకాణంమీద రహస్య ఓటింగు జరుపుతారు. స్త్రీలు మాత్రమే ఓటు వేసే ఏర్పాటు కూడా వున్నది. సగానికి మించి వద్దంటే లైసెన్సు రద్దు. నిలువుసీసా, అడ్డంసీసా బొమ్మలమీద ముద్ర వేస్తారు. రహస్యంగా వేయడం ముఖ్యం. మా ఊళ్ళో చేతులెత్తించారు గనక మొగుళ్ళ ఎదుట చెయ్యి ఎత్తలేనివాళ్ళు వున్నారు, అత్తల ఎదుట చెయ్యి దించలేనివాళ్ళూ వున్నారు. ఈ పద్ధతి గురించి చెబితే సభ ఆసక్తిగా విన్నది. మండలకేంద్రంలోని దుకాణంమీద కూడా ఓటు వుంటుందా అని ఒకామె అడిగింది. మన రాష్ట్రంలో అలాంటి చట్టం కోసం అడగాలి అన్నాను.

చివరకు తీర్మానం ఇలా మారింది. చెట్టుకు కట్టడం, రచ్చబండ దగ్గర కూర్చోబెట్టడం తీసేశారు. పట్టి ఇచ్చినవారికి బహుమతి కూడా తీసేశారు, అది కక్షలకు దారితీస్తున్నదని వాళ్ళే అన్నారు. అమ్మినవాడి జరిమానా పాతికవేలు చేశారు. తాగినవాడి జరిమానా మాత్రం వుంచారు. వెయ్యికి తగ్గించి, ఆ డబ్బు సంఘానికి కాక అతని భార్యకో తల్లికో ఇవ్వాలన్నారు. మేడలమీద తాగేవారి గురించి ఏం చేయాలో తేలలేదు. పది ఎకరాల రైతు ఆ చర్చ మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

మా అన్నకు వేసిన రెండువేలలో వెయ్యి మా వదిన చేతికి వచ్చింది. ఆమె కమ్మలు ఇంకా రాలేదు. అన్న నాతో మాట్లాడటం లేదు. చెట్టు దగ్గర విప్పించలేదని ఒక కోపం, సభలో తాను కొట్టిన సంగతి నా నోట వచ్చిందని ఒక కోపం. రెండోదానికి నేను క్షమాపణ చెప్పదలచుకోలేదు.

ఓటింగు చట్టం కోరుతూ కలెక్టరుకు ఇవ్వడానికి అర్జీ రాసి పెట్టమని సంఘం నన్ను అడిగింది. రాశాను. తాగేవాణ్ణి నేరస్థుడుగా చూడవద్దనీ, చికిత్స ఇప్పించాలనీ, జిల్లా ఆసుపత్రిలో అందుకు పడకలు కావాలనీ అందులో ఒక పేరా పెట్టాను. సంఘం కార్యదర్శి చదివి, పడకల మాట వుంచి, నేరస్థుడు కాదన్న వాక్యం కొట్టేసింది. "అది మేము రాయము సార్, మీ పేరుమీద మీరు రాసుకోండి," అన్నది. అర్జీ అలాగే వెళ్ళింది.